ఎర్ర చుక్క ఆరిపోతే?

గురి పెట్టడమంటే ఏమిటి? మీలో ఎన్.సి.సి.లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. కంటికి దగ్గరగా ఉండే వెనుక సైటు, తుపాకి గొట్టం చివర ఉండే ముందు సైటు, దూరాన ఉన్న టార్గెట్టు - ఈ మూడింటినీ ఒకే సరళరేఖ మీదికి తీసుకురావడమే గురి. చెప్పడం తేలికే. చేయబోతేనే చిక్కు తెలుస్తుంది. మన కంటి కటకం ఒక సమయంలో ఒక దూరాన్ని మాత్రమే స్పష్టంగా చూడగలదు. ముఖానికి జానెడు దూరంలో చూపుడు వేలు నిలబెట్టి గోరు వంక చూడండి. ఎదుటి గోడ మీద క్యాలెండరులోని అంకెలు మసకబారతాయి. అంకెల వంక చూడండి. ఈసారి వేలు మసకబారి రెండు వేళ్ళుగా కనిపిస్తుంది. తుపాకి పట్టినవాడికీ ఇదే తంటా. ఒకే కన్నుతో మూడు దూరాలు చూడాలి! అందుకే శిక్షకులు "ముందు సైటు స్పష్టంగా కనిపించనీ, టార్గెట్టు మసకగా ఉంటే ఉండనీ" అని మొదటి రోజే చెబుతారు.

ఈ తంటా తప్పించడానికి పుట్టిందే రెడ్ డాట్ సైటు. తుపాకి మీద చిన్న గాజు కిటికీ లాంటిది ఉంటుంది. అందులోంచి చూస్తే దూరాన ఉన్న టార్గెట్టు మీదే ఒక ఎర్ర చుక్క అతికించినట్టు కనిపిస్తుంది. చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి పోతుంది. మూడు వస్తువుల బదులు చూడవలసింది ఒక్కటే. ఎంత హాయి!

అయితే ఆ చుక్క ఒక దీపం. దీపమన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోతుంది. ఆరిపోయిన క్షణంలో ఏం చేయాలో ముందే అభ్యసించకపోతే ఆ హాయి కాస్తా ఆపద అవుతుంది. ఈ వ్యాసం ఆ సంగతి గురించే. మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. తుపాకి గురి ఇంట్లో నేర్చుకునే విద్య కాదు. అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో, శిక్షకుడి కళ్ళ ముందు మాత్రమే. ఇంట్లో చేయదగిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి, వాటికి తుపాకితో పనిలేదు. అవి తర్వాత చెబుతాను.

ముందు ఆ చుక్క ఎలా పుడుతుందో చూద్దాం. పదో తరగతి పుస్తకంలో పుటాకార దర్పణం పాఠం గుర్తు తెచ్చుకోండి. వస్తువును దర్పణం నాభి వద్ద ఉంచితే పరావర్తనం చెందిన కిరణాలు ఏమవుతాయి? ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి, ప్రతిబింబం అనంత దూరంలో ఏర్పడుతుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. రెడ్ డాట్ సైటు మొత్తం ఆ ఒక్క మార్కు మీదే నిలబడి ఉంది. సైటులోని గాజు చదునుగా ఉండదు, కొద్దిగా పుటాకారంగా ఉంటుంది. దాని నాభి వద్ద చిన్న ఎర్రని ఎల్.ఇ.డి. ఉంటుంది. గాజు మీద పూసిన పలుచని పూత ఎర్ర కాంతిని మాత్రం మన కంటివైపు తిప్పి పంపుతుంది, మిగిలిన రంగుల్ని దాదాపుగా దాటిపోనిస్తుంది. అందుకే అలాంటి సైటులోంచి చూస్తే లోకం కొంచెం నీలిగా అనిపిస్తుంది. కంటికి చేరే ఎర్ర కిరణాలు సమాంతరం కాబట్టి చుక్క గాజు మీద కాక ఎంతో దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. రైల్లో పోతుంటే చంద్రుడు మనతోబాటే వస్తున్నట్టు ఉంటుంది కదా! అలాగే మీరు తల కొంచెం అటూ ఇటూ జరిపినా చుక్క టార్గెట్టును వదలదు.

చాలామంది దీన్ని లేజరుతో కలిపి గందరగోళపడతారు. లేజరు కిరణం తుపాకి నుంచి బయలుదేరి టార్గెట్టు మీద పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. రెడ్ డాట్ కాంతి అలా టార్గెట్టు దాకా పోదు. ఆ చుక్క చూసేవాడి కంటికి మాత్రమే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఐర్లండులోని డబ్లిన్ నగరంలో దూరదర్శినులు తయారుచేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే ఇలాంటి సైటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు తెలుగువారికి పరాయిది కాదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన వేధశాల, తర్వాత నిజామియా వేధశాలగా పేరు పొందినది, అందులోని 15 అంగుళాల పెద్ద దూరదర్శిని గ్రబ్ కంపెనీ చేసినదే. ఆయన సైటుకు అప్పట్లో తగిన చిన్న దీపం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918లో, జర్మన్లు విద్యుత్ బల్బు పెట్టి యుద్ధ విమానాల్లో వాడారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి చాలా దేశాల విమానాలకు ఇదే సైటు. తుపాకి మీద పట్టేంత చిన్నదిగా, ఎల్.ఇ.డి.తో, దీన్ని 1975లో స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ కంపెనీ అమ్మకానికి పెట్టింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. స్పిట్‌ఫైర్ విమానంలో సైటు బల్బు కాలిపోతే మార్చుకోవడానికి పైలట్ కూర్చునే చోటే అదనపు బల్బులు ఉంచేవారు. చాలా అమెరికన్ విమానాల్లో రిఫ్లెక్టర్ సైటు పక్కనే పాతకాలపు ఇనుప వలయం, దాని ముందు ఒక పూస కూడా ఉండేవి. కొత్తది చచ్చిపోతే పాతదానితో గురి చూడడానికి. అంటే దీపం ఆరిపోతుందని ఆ విమానాలు కట్టినవారికి ముందే తెలుసు. ఆరదని నమ్మి కూర్చోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రెడ్ డాట్ సైటు ఎన్ని విధాల చెడిపోతుంది? చుక్క ఆరిపోవచ్చు. గాజు మూసుకుపోవచ్చు. ఇవి రెండూ తెలిసే చెడులు. మూడోది వేరు. చుక్క చక్కగా వెలుగుతూనే ఉంటుంది, కాని అబద్ధం చెబుతుంది. నా మటుకు నాకు మొదటి రెండింటికన్నా మూడోదే భయంకరం.

ఎలాగో లెక్క వేసి చూడండి. సైటును తుపాకికి బిగించే పీఠం పొడవు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. మర ఒకటి వదులై పీఠం ఒక చివర పదో వంతు మిల్లీమీటరు, అంటే దాదాపు ఒక కాగితం మందం, పైకి లేచింది. కంటికి ఆనదు. 40కి 0.1 అంటే 400కి 1. మరి 10 మీటర్ల దూరాన, అంటే 10,000 మిల్లీమీటర్ల దూరాన తేడా ఎంత? 25 మిల్లీమీటర్లు! అంతర్జాతీయ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్టులో పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. ఆ తర్వాత ఒక్కొక్క వలయానికీ వ్యాసార్థం 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నట్టనడుమకు చూసి కాల్చిన గుండు ఏడు మార్కుల వలయంలో పడుతుంది. కాల్చినవాడు తన చెయ్యి వణికిందనుకుంటాడు. చెయ్యి సరిచేసుకోబోతాడు. దాంతో ఉన్న గురి కూడా పోతుంది.

స్క్రూగేజీతో తీగ మందం కొలిచేముందు మీరు ఏం చేస్తారు? దవడలు రెండూ ఆనించి శూన్యాంశ దోషం ఉందేమో చూస్తారు. తుపాకి సైటుకూ శూన్యాంశ దోషం ఉంటుంది. దాన్ని తెలుసుకునే మార్గం కూడా అదే: అసలు పని మొదలుపెట్టేముందు తెలిసిన దూరంలో కాగితం మీద నాలుగైదు గుళ్ళు కాల్చి చూడడం. పోటీల్లో వీటిని సైటర్లు అంటారు, వీటికి మార్కులు ఉండవు. మార్కులు లేవని కొందరు కుర్రవాళ్ళు వీటిని తేలిగ్గా తీసుకుంటారు.

సైటర్ల విలువ అభినవ్ బింద్రాకు తెలుసు. 2008 ఆగస్టు 11న బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనలుకు ముందు ఆయన కాల్చిన సైటరు పదిలో పడవలసింది పోయి నాలుగులో పడింది. రైఫిల్ సైటు అమరిక ఎలాగో మారిపోయి ఉంది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాశారు. ఎందుకు మారిందని అప్పుడు ఆరా తీస్తూ కూర్చోలేదు. ఉన్న కొద్ది నిమిషాల్లో సైటు తిప్పి సరిచేసుకున్నారు. ఫైనల్లో మొదటి గుండుకే 10.7 వచ్చింది. మొత్తం 700.5 మార్కులతో బంగారు పతకం, మన దేశానికి ఒలింపిక్స్‌లో మొదటి వ్యక్తిగత స్వర్ణం. సైటరు కాల్చకుండా ఫైనల్లోకి దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

తెలిసే చెడు కూడా తక్కువదేమీ కాదు. 2021 జులై 25న టోక్యోలో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ. 75 నిమిషాల్లో 60 గుళ్ళు కాల్చాలి. పంతొమ్మిదేళ్ళ మనూ భాకర్ 16 గుళ్ళు కాల్చేసరికి పిస్టల్ మొరాయించింది. అందులోని ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వ్యవస్థలో లోపం. బాగుచేయించుకుని తిరిగి వచ్చేసరికి పదిహేను నిమిషాలకు పైగా గడిచిపోయాయి. గడియారం ఆమె కోసం ఆగలేదు. మిగిలిన 44 గుళ్ళూ త్వరత్వరగా కాల్చవలసి వచ్చింది. 575 మార్కులు వచ్చాయి, 12వ స్థానం. ఎనిమిదో స్థానంలో నిలిచి ఫైనలుకు వెళ్ళిన అమ్మాయికి 577. రెండంటే రెండు మార్కులు! అదే మనూ 2024లో ప్యారిస్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చింది. అందులో ఒకటి ఈ ఎయిర్ పిస్టల్‌లోనే.

ఒలింపిక్ పిస్టల్, రైఫిల్ పోటీల్లో రెడ్ డాట్‌కు అనుమతి లేదు. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదు గగన్ నారంగ్ అయినా, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్ రజతం తెచ్చిన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ అయినా చుక్క సహాయం లేకుండా సాధించినవారే. రెడ్ డాట్ వాడేది సైన్యాలు, పోలీసు దళాలు, వేగంగా కదులుతూ కాల్చే మరికొన్ని పోటీలవారు. కాని పరికరం చెడిపోయినప్పుడు మనిషి మనసులో జరిగేది అన్నిచోట్లా ఒకటే.

మరి అభ్యాసం ఎలా చేయాలి? మంచి శిక్షకులు చేసే పని ఒకటుంది. శిష్యుడికి చెప్పకుండా సైటు స్విచ్చి ఆపేసి తుపాకి చేతికిస్తారు. లేదా ముందు గాజుకు కాగితం ముక్క అంటిస్తారు. మొదటిసారి శిష్యుడు తెల్లబోతాడు. సైటును అరచేత్తో తడతాడు, కళ్ళు నులుముకుంటాడు, స్విచ్చి వెతుకుతాడు. పదోసారి అలా ఉండదు. చుక్క లేదని గ్రహించగానే కన్ను దానంతటదే ఇనుప సైట్ల మీదికి పోతుంది. చాలా తుపాకులకు రెడ్ డాట్ కిటికీలోంచే ఇనుప సైట్లు కూడా కనిపించేటట్టు అమరుస్తారు. ఇది ఇంకొక విధంగానూ మేలు. చుక్క, ఇనుప మొన ఒకే చోటు చూపిస్తున్నంతకాలం రెండూ నిజం చెబుతున్నట్టే లెక్క. వేరువేరు చోట్లు చూపించాయా, ఏదో ఒకటి కదిలిందన్నమాట. ఇందాక చెప్పిన అబద్ధాలకోరు చుక్కను పట్టించే రెండో సాక్షి అది.

ఇక్కడ రేంజి నియమం ఒకటి అన్నిటికన్నా ముందుంటుంది. ఏది చెడిపోయినా గొట్టం టార్గెట్టు వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ నుంచి బయటికి రావాలి, ఖాళీ చెయ్యి పైకెత్తి శిక్షకుణ్ణి పిలవాలి. "సార్, ఇదేమైందో చూడండి" అంటూ తుపాకితో సహా వెనక్కి తిరగడం కొత్తవారికి సహజం. ప్రమాదం అక్కడే ఉంది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే కూడా అంతే. గొట్టం అటే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి.

గాజు మూసుకుపోవడం మన విశాఖవారికి బాగా అర్థమయ్యే చెడు. వేసవిలో సీతమ్మధారలోని ఏ ఇంట్లోనైనా 24 డిగ్రీల ఏ.సి. గదిలోంచి కళ్ళజోడుతో వరండాలోకి రండి. అద్దాలు తెల్లబడతాయి. బయట గాలి 32 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 75 శాతం అనుకుంటే, ఆ గాలిలోని ఆవిరి దాదాపు 27 డిగ్రీల వద్దే నీటిబొట్లుగా మారడం మొదలుపెడుతుంది. మీ అద్దం 24 డిగ్రీల్లో ఉంది. సాంద్రీకరణం జరగక ఏమవుతుంది? సైటు గాజుకూ ఇదే గతి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. పెట్టె తెరవకుండా కొంతసేపు బయట ఉంచి, గాజు బయటి వేడికి వచ్చాక తీస్తే సరి. సముద్రపు గాలి ఉప్పు సంగతి వేరే చెప్పాలా? బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ ఊచలు చూడండి. బ్యాటరీ అరలోని లోహపు రేకులూ అలాగే తుప్పు పడతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నా చుక్క వెలగదు. పొడి గుడ్డతో తుడిస్తే వెలుగుతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ పని చేయడం మంచిది.

గాజు పూర్తిగా మూసుకుపోయినా, చుక్క మాత్రం వెలుగుతుంటే, గురి చూడవచ్చునంటే నమ్ముతారా? రెండు కళ్ళూ తెరిచి ఉంచాలి. ఇదిగో, ఇంట్లో చేసి చూడండి. నల్లకాగితం చుట్టి జానెడు పొడవు గొట్టం చేయండి. ఒక చివర నల్లకాగితంతోనే మూసి మధ్యలో గుండుసూదితో బెజ్జం పెట్టండి. గొట్టాన్ని కుడి కంటికి ఆనించి వెలుతురున్న కిటికీ వైపు తిప్పండి. సూర్యుడి వైపు ఎంతమాత్రం వద్దు. ఎడమ కన్ను కూడా తెరిచే ఉంచండి. కుడి కంటికి కనిపించేది చీకట్లో ఒక వెలుగు చుక్క. ఎడమ కంటికి కనిపించేది కిటికీ. మెదడు ఈ రెండింటినీ కలిపి కిటికీ మీద చుక్క పెట్టేస్తుంది! మూసుకుపోయిన సైటుతో జరిగేదీ ఇదే. కాని దీన్ని పూర్తిగా నమ్మరాదు. ఒక కన్ను చీకట్లో ఉన్నప్పుడు రెండు కళ్ళ చూపులూ కచ్చితంగా ఒకే దిక్కున నిలవవు, చుక్క మెల్లగా పక్కకు జారుతుంది. ఇద్దరు స్నేహితులు చేస్తే ఇద్దరికీ జారుడు వేరుగా ఉండవచ్చు. కాబట్టి దగ్గరి టార్గెట్టుకు పనికివస్తుంది గాని దూరానికి కాదు.

మరొక చిన్న పరీక్ష. కొందరికి చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగా, పగిలిన నక్షత్రంలాగా కనిపిస్తుంది. సైటు పాడైందని ఫిర్యాదు చేస్తారు. సెల్‌ఫోన్ కెమెరాతో ఆ చుక్కను ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే సైటులో లోపం లేదు, కంటిలో ఉంది. ఆస్టిగ్మాటిజం కావచ్చు. కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి.

బ్యాటరీ ఎంతకాలం వస్తుందో మీరే లెక్క కట్టవచ్చు. నాణెం ఆకారంలో ఉండే సి.ఆర్.2032 బ్యాటరీ సామర్థ్యం సుమారు 225 మిల్లీ ఆంపియర్ గంటలు. సైటు 1 మిల్లీ ఆంపియరు తాగితే 225 గంటలు, అంటే తొమ్మిది రోజుల చిల్లర. కొన్ని మేలిరకం సైట్లు ఒకే బ్యాటరీతో 50,000 గంటలు, అయిదేళ్ళకు పైగా వెలుగుతాయని చెబుతారు. భాగహారం చేస్తే అవి తాగేది 0.0045 మిల్లీ ఆంపియరు. అలాంటివైనా చుక్క కాంతిని ఎక్కువ చేస్తే లెక్క తప్పుతుంది. అందుచేత ఆరిపోయేదాకా వేచి ఉండకుండా తేదీ పెట్టుకుని మార్చేవారే తెలివైనవారు. దసరా ఎలాగూ వస్తుంది. ఆయుధపూజ నాడు పరికరాలకు బొట్టు పెట్టేటప్పుడు బ్యాటరీ కూడా మారిస్తే దేవి ఏమీ అనుకోదు! అదేరోజు మరలు బిగించి, మర తల మీంచి పీఠం మీదికి సన్నని తెల్ల రంగు గీత గీయాలి. మర ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. పైసా ఖర్చులేని ఈ గీత ఎన్ని పోటీలు కాపాడుతుందో!

తుపాకి ఎన్నడూ పట్టనివారికి కూడా ఈ చుక్కతో పరిచయమయ్యే చోటు ఉంది. ఇప్పుడు వచ్చే చిన్న దూరదర్శినుల మీద నక్షత్రాన్ని వెతకడానికి రెడ్ డాట్ ఫైండర్ అమరుస్తున్నారు. లోపల ఉన్నది అదే ఎల్.ఇ.డి., అదే వంపు గాజు. డాబా మీద శనిగ్రహం చూద్దామని పిల్లలందరినీ పోగుచేశాక చుక్క వెలగదు. కిందటిసారి స్విచ్చి ఆపడం మరచిపోయి ఉంటారు. అలాంటప్పుడు పనికివచ్చేందుకు గొట్టం పైన రెండు చివరలా రెండు కాగితపు వలయాలు అంటించి ఉంచండి. పగటిపూట దూరాన ఉన్న సింహాచలం కొండ మీది ఏదో ఒక చెట్టును దూరదర్శిని మధ్యకు తెచ్చి, రెండు వలయాలలోంచి అదే చెట్టు కనిపించేటట్టు సరిచేయాలి. చీకటి పడ్డాక వలయాల అంచులు కనిపించడానికి తెల్ల సుద్ద పూస్తే చాలు.

అదనపు బ్యాటరీని జేబులో చిల్లర నాణేలతో కలిపి వేసుకోకండి. నాణెం రెండు ధ్రువాలనూ తాకితే అది ఊరికే ఖర్చయిపోతుంది. కంపెనీ అట్టలోనే ఉంచండి. ఇంట్లో పసిపిల్లలుంటే వారికి అందని ఎత్తులో పెట్టండి. నాణెం బ్యాటరీని మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చివేయగలదు. అలా జరిగిందని అనుమానం వచ్చినా సరే, ఏడుపు ఆగిందని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.